పగలంతా నోరు కట్టుకుని రాత్రికి ఓడిపోతున్నాను, నా మెదడులోనే లోపం ఉందా?

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో బట్టల కొట్టు, వయసు 38, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం కప్పు అన్నం, సాయంత్రం దాకా చక్కెర లేని టీలు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించాక బ్రాడీపేట మూల మీద బండి దగ్గర పునుగులు, ఇంటికెళ్లి అన్నం, ఆ తర్వాత టీవీ ముందు మిక్స్చర్. "లావుగా ఉన్నవాళ్ల మెదడులో అదుపు చేసుకునే భాగం సరిగా పనిచేయదని స్కానుల్లో తేలిందట, నాదీ అంతేనా? సంకల్పబలం పెంచుకునే దారి ఉందా?" అన్నారు.

విజయవాడలో ఊబకాయం, షుగర్ చూసే డాక్టరుగా సూటిగా చెబుతాను. మీరు రాసినదాంట్లో మెదడు లోపానికి గుర్తు ఒక్కటీ లేదు. పొద్దుటి నుంచి మాడిన కడుపుతో, అలసిపోయి, వేడి నూనె వాసన ముందు నిలబడితే ఎవరి మెదడైనా చేసే పనే మీదీ చేస్తోంది. రాత్రి తొమ్మిదిన్నరకి జరిగే ఓటమికి పొద్దున ఎనిమిదిన్నరకే పునాది పడుతోంది. సంకల్పబలం పెంచుకోవాలన్న తాపత్రయం కాస్త పక్కన పెట్టి, అది అవసరమయ్యే సందర్భాలను రోజులో తగ్గించుకోండి. తిండి వేళలు మార్చడం, ఎదురుపడే తిండిని తగ్గించడం, నిద్ర, ఇంకా అవసరమైతే మందులు. ఈ వరుసలోనే చెబుతాను, ముందు మెదడు సంగతి.

తిండి విషయంలో మెదడులో ముఖ్యంగా మూడు చోట్ల పని జరుగుతుంది. అడుగున హైపోథాలమస్ ఉంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత, పొట్టలో ఎంత పడింది అన్న జమాఖర్చు దానిది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్, ఖాళీ పొట్ట నుంచి వచ్చే గ్రెలిన్, పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లే దానికి అందే చీటీలు. రెండోది స్ట్రయాటం, డోపమైన్ అనే మెదడు రసాయనం మీద నడిచే భాగం. "అది కావాలి" అని లాగేది ఇదే. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మూడోది. "ఇప్పుడు వద్దు, రేపటి సంగతి చూడు" అనే బ్రేకు అది.

ఇప్పుడు మీ బండి దగ్గర జరిగేది చూడండి. మూకుడులో పిండి పడగానే వచ్చే చుయ్‌మన్న శబ్దం, అల్లం జీలకర్ర కలిసిన నూనె వాసన, కాగితం ప్లేటులో ఎర్ర చట్నీ. వీటిలో ఒక్కటి తగిలినా చాలు, గతంలో వందసార్లు తిన్నప్పటి తృప్తిని మెదడు ముందుకు తెచ్చి పెడుతుంది. నోట్లో నీళ్లూరతాయి, ఇన్సులిన్ కూడా కొంచెం విడుదలవుతుంది. ఇంతా జరిగేది మొదటి పునుగు నోట్లో పడకముందే. డోపమైన్ పని రుచిని ఆస్వాదించడం కంటే రుచి వైపు లాగడమే ఎక్కువ. అందుకే ఆరో పునుగుకి రుచి తగ్గిపోయినా చెయ్యి మాత్రం ఊరుకోదు.

ఇక బ్రేకు సంగతి. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయంలో 2009లో డైటింగ్ చేస్తున్నవాళ్లను స్కానర్‌లో పడుకోబెట్టి రకరకాల తిండి బొమ్మలు చూపించారు. తిండికి విలువ కట్టే భాగం అందరిలోనూ పనిచేసింది. రుచికరమైనా ఆరోగ్యానికి మంచిది కానిదాన్ని వద్దనగలిగినవాళ్లలో మాత్రం, నుదుటి పక్క భాగం ఆ విలువ లెక్కలోకి ఆరోగ్యం అనే అంశాన్ని కూడా చేర్చింది. తర్వాత 2015లో వచ్చిన మరో ప్రయోగంలో తేలింది ఏమిటంటే, రుచి అనే అంశం ఆరోగ్యం అనే అంశం కంటే సగటున 0.2 సెకను ముందే నిర్ణయంలోకి వచ్చేస్తుంది. చూడ్డానికి చిన్న తేడానే. కానీ బండి ముందు నిలబడి "ఒక ప్లేటు" అనడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టదు. ఆరోగ్యం ఆలోచన వచ్చేసరికి ప్లేటు చేతిలో ఉంటుంది.

ఆకలి వేస్తే ఈ తేడా ఇంకా ముదురుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో 2011లో ఒక చిన్న అధ్యయనం చేశారు. రక్తంలో గ్లూకోజ్ కొద్దిగా తగ్గించి తిండి బొమ్మలు చూపిస్తే స్ట్రయాటం వైపు చురుకుదనం పెరిగింది, ఎక్కువ కేలరీల తిండి మీద కోరిక కూడా పెరిగింది. గ్లూకోజ్ మామూలుగా ఉన్నప్పుడు మామూలు బరువున్నవాళ్లలో ప్రీఫ్రంటల్ భాగం చురుగ్గా ఉండి ఆ కోరికను తగ్గించింది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఆ చురుకుదనం కనిపించలేదు. మీరు చదివిన "అదుపు భాగం పనిచేయదు" అన్న మాట ఇలాంటి ఫలితాల నుంచే వచ్చి ఉంటుంది. కాబట్టి దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పాలి.

మొదటిది, ఇవన్నీ గుంపుల సగటులు. స్కాన్ చూసి "ఈయన లావు, ఈయన సన్నం" అని చెప్పగల డాక్టరు లేడు. ఎక్కడైనా డబ్బు కట్టించుకుని అలాంటి స్కాన్ చేస్తామంటే వెళ్లకండి. రెండోది, ఏది ముందు ఏది వెనక అన్న ప్రశ్న. బరువు పెరిగాక హార్మోన్లు, నిద్ర, ఒంట్లోని వాపు లక్షణాలు మారి మెదడు మీద ఆ ప్రభావం పడుతుంది, కాబట్టి కనిపించే తేడాలో కొంత బరువు వల్ల వచ్చిందే కావచ్చు. మూడోది మీకు అసలు కావలసింది. మాంట్రియల్‌లో 2018లో బరువు తగ్గించే క్లినిక్‌కి వచ్చినవాళ్లకి రోజుకి 1200 కేలరీల ఆహారం పెట్టి, మొదట్లో, నెలకి, మూడు నెలలకి స్కాన్ చేశారు. బాగా తగ్గినవాళ్లలో ప్రీఫ్రంటల్ చురుకుదనం పెరిగింది. అంతకుముందూ ఆ భాగం వాళ్ల దగ్గర ఉన్నదే, పని పెరిగిందంతే. అదే అధ్యయనంలో గ్రెలిన్ కూడా పెరిగింది, అంటే ఆకలి ఎక్కువైంది. బ్రేకు బలపడుతుంటే బండి వేగం కూడా పెరుగుతోందన్నమాట.

హార్మోన్ల బలం ఎంతో తెలియాలంటే లెప్టిన్ కథ చాలు. అది 1994లో అమెరికాలోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందానికి దొరికింది. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు కొద్దిమంది ఉంటారు. వాళ్లకి ఎంత తిన్నా ఆవురావురుమనే ఉంటుంది. అలాంటి ఇద్దరికి కేంబ్రిడ్జ్ డాక్టర్లు ఏడు రోజులు లెప్టిన్ ఇచ్చి, 2007లో ఫలితం ప్రచురించారు. తిండి బొమ్మలు చూసినప్పుడు స్ట్రయాటం స్పందించే తీరు ఆ వారంలోనే మారిపోయింది. వారంలో ఎవరి శీలమూ మారదు కదండీ, మారింది హార్మోనే. మనలో చాలామందికి లెప్టిన్ లేకపోవడం సమస్య కాదు, కొవ్వు ఎక్కువై లెప్టిన్ బోలెడంత ఉన్నా మెదడు దాన్ని వినకపోవడం. బరువు తగ్గించగానే ఆ లెప్టిన్ పడిపోతుంది, మెదడుకి అది కరువు వచ్చినట్టు వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 2011లో 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీలు పెట్టి సగటున 13 కిలోల పైన తగ్గించారు. ఏడాది తర్వాత చూసినా ఆకలి పెంచే హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. తగ్గిన బరువు మళ్లీ వచ్చినవాళ్లను "బద్ధకం" అని తిట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే బాగుండు.

సంకల్పబలం పెట్రోలు లాంటిదని, వాడితే అయిపోతుందని ఒక సిద్ధాంతం బాగా ప్రచారమైంది. 2016లో ఇరవైకి పైగా ల్యాబులు కలిసి అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. అందుకని "పొద్దున వాడేశాను, రాత్రికి మిగల్లేదు" అనుకోనక్కర్లేదు. మీకు రాత్రికి మిగలనిది తిండి, నిద్ర. ఇంకో సంగతి: నిగ్రహం బాగా ఉన్నవాళ్లు కోరికతో ఎక్కువసార్లు పోరాడి గెలుస్తారని అనుకుంటాం. రోజువారీ జీవితాన్ని గమనించిన అధ్యయనాల్లో వాళ్లకి అసలు అలాంటి పోరాటాలే తక్కువగా ఎదురయ్యాయి. వాళ్ల దారిలో బండి ఉండదు, ఇంట్లో మిక్స్చర్ డబ్బా ఉండదు.

ఇక చేయాల్సిన పని.

ముందు వేళలు మార్చండి, కొలతల జోలికి తర్వాత వెళ్దాం. మొదటి రెండు వారాలు బరువు తగ్గడం గురించి ఆలోచించకండి. రాత్రి తొమ్మిదిన్నరకి మీ ఆకలి పదికి నాలుగు దాటకూడదు, అదొక్కటే లక్ష్యం.

పొద్దున కొట్టుకి బయల్దేరే ముందు రెండు పెసరట్లు. పెసలు నానబెట్టక ముందు 60 గ్రాములు ఉంటే రెండూ కలిపి సుమారు 14 గ్రాముల ప్రొటీన్. రెండింటికీ కలిపి రెండు చెంచాల నూనె, ఉప్మా లేకుండా. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది కాబట్టి ఒక చెంచా చాలు. లేదంటే మూడు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, రెండు ఉడికించిన గుడ్లు. ఒట్టి ఇడ్లీలూ చట్నీతో సరిపెడితే పదకొండున్నరకల్లా మళ్లీ ఆకలేస్తుంది, ప్రొటీన్ తక్కువ కాబట్టి.

మధ్యాహ్నం క్యారేజీలో అన్నం మానొద్దు. బియ్యం 75 గ్రాములు వండితే 200 గ్రాముల పైన అన్నం అవుతుంది, అది చాలు. దాంతో గట్టి పప్పు, అంటే 40 గ్రాముల కందిపప్పు వండినంత, నీళ్ల పప్పుచారు కాదు. కూర 200 గ్రాములు, పెరుగు 150 గ్రాములు. తినే వరుస కూడా ముఖ్యం. మనం మొదటి ముద్ద నుంచే అన్నంతో మొదలుపెడతాం. దానికి బదులు కూరలో సగం, పప్పులో కొంత ఒట్టిగా తినేసి తర్వాత అన్నం కలపండి. కూరగాయలు, ప్రొటీన్ ముందు పడితే తిన్నాక షుగర్ అంత ఎగబాకదు, అన్నం కూడా తక్కువలోనే చాలనిపిస్తుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి 15–20 నిమిషాలు పడుతుంది, కౌంటర్ వెనక ఐదు నిమిషాల్లో తినేస్తే ఆ కబురు రాకముందే క్యారేజీ ఖాళీ.

సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య తినేది మీ రోజులో అన్నిటికంటే విలువైనది. మీరు ఇప్పుడు ఆ వేళకి టీ తాగి ఊరుకుంటున్నారు. ఎండు శనగలు 50 గ్రాములు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. ఒక రోజు శనగలు, ఒక రోజు అలసందలు, ఒక రోజు రెండు గుడ్లు. గుగ్గిళ్లు పొద్దున్నే స్టీలు డబ్బాలో కొట్టుకి వెళ్లాలి. "ఆ టైముకి ఏదో ఒకటి తెప్పించుకుంటా" అంటే వచ్చేది సమోసానే.

రాత్రి భోజనం ఎనిమిదికి కొట్టులోనే. ఇది విని చాలామంది వ్యాపారస్తులు తల అడ్డంగా ఊపుతారు, బేరాలు వదలరు కదా. పావుగంట కౌంటర్ ఇంకొకరికి అప్పజెప్పే ఏర్పాటు చేసుకోండి. రెండు జొన్న రొట్టెలు లేదా చపాతీలు, గుడ్ల కూర గానీ చికెన్ కూర గానీ, దోసకాయ ముక్కలు. అది కుదరని పెళ్లిళ్ల సీజన్లో కనీసం ఎనిమిదిన్నరకి 20 గ్రాముల వేరుశనగలు, గ్లాసు మజ్జిగ. మొత్తం మీద రోజుకి 70–80 గ్రాముల ప్రొటీన్ పడేలా చూడండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ అంకె మీ డాక్టరు చెప్పాలి.

రెండోది, దారి మార్చండి. బ్రాడీపేటలో లైన్లన్నీ పక్కపక్కనే. బండి ఉన్న లైను వదిలేసి పక్క లైనులోంచి ఇంటికి వెళితే అదనంగా ఒకటి రెండు నిమిషాలు. వాసన, శబ్దం తగలకపోతే స్ట్రయాటం లాగడానికి ఏమీ ఉండదు. బండి ముందు నిలబడి నిగ్రహించుకోవడం కంటే మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పడం ఎన్నో రెట్లు తేలిక. దీనికి ముందే ఒక వాక్యం కట్టి పెట్టుకోండి: "షట్టర్ తాళం వేయగానే సోంపు నోట్లో వేసుకుంటాను, సెంటర్లో ఎడమకి తిరుగుతాను." ఫలానాది ఎదురైతే ఫలానా పని చేస్తాను అనే ఈ రకం ప్రణాళిక "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను" కంటే బాగా పనిచేస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. సందర్భం, చేయాల్సిన పని రెండూ ముందే ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ క్షణంలో ఆలోచించాల్సిన పని ఉండదు.

ఇంట్లో కూడా ఇదే సూత్రం. డైనింగ్ టేబుల్ మీద గాజు సీసాలో మిక్స్చర్, జంతికలు కనిపిస్తూ ఉంటే రోజుకి ఇరవైసార్లు "వద్దు" అనుకోవాలి. పిల్లల కోసం ఉండాల్సిందే అంటే మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో, స్టూలెక్కితే గానీ అందని అటక మీద పెట్టండి. కిలో ప్యాకెట్ బదులు 100 గ్రాముల ప్యాకెట్లు తెండి. డబ్బా పట్టుకుని టీవీ ముందు కూర్చోవడం ఒక్కటి మానినా చాలు. తినాలనిపిస్తే చిన్న గిన్నెలో పోసుకుని, డబ్బా మూత పెట్టి అటకెక్కించాకే గిన్నె ముట్టుకోండి.

పునుగులు పూర్తిగా మానమని నేను చెప్పను. ఆదివారం సాయంత్రం, శనివారమే అనుకుని, ఇంట్లోవాళ్లతో, కూర్చుని, ఒక ప్లేటు. నియమాలు రెండే: ఆకలి మీద వెళ్లకూడదు, పార్సిల్ కట్టించుకోకూడదు. వేపుడులో నూనె లెక్క గుర్తుంచుకోండి, ఒక టేబుల్ స్పూను నూనె అంటే 15 మిల్లీలీటర్లు, 120 కేలరీల పైమాటే.

ఇంకో చిన్న సాధనం. కాల్‌టెక్ వాళ్లే 2011లో మరో ప్రయోగంలో ఎంచుకునే ముందు "ఇది ఆరోగ్యానికి ఎలాంటిది" అని ఆలోచించమని గుర్తు చేశారు. అంతమాత్రానికే ఎంపికలు మెరుగుపడ్డాయి, మెదడు విలువ కట్టే తీరు కూడా మారింది. కాబట్టి ఆర్డరు చెప్పేముందు పది వరకు నెమ్మదిగా లెక్కపెట్టి, "ఇది తిన్నాక పదకొండింటికి నా పొట్ట ఎలా ఉంటుంది" అని అడుక్కోండి. 0.2 సెకను వెనకబడిన ఆరోగ్యం ఆలోచనకి అందుకునే అవకాశం ఇచ్చినట్టు. ఆకలి దంచేస్తున్నప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ఎక్కడ దెబ్బతింటారో కూడా చెప్పాలి, మా దగ్గరికి వచ్చేవాళ్లలో పదే పదే కనిపించేవి ఇవి.

అన్నీ ఒకేసారి సోమవారం మొదలుపెట్టడం. అన్నం బంద్, చక్కెర బంద్, నడక గంట. గురువారానికి ఒళ్లు నీరసం, శనివారం బిర్యానీ. మార్పులు వారానికి ఒకటి చొప్పున తెండి, మొదటి వారం సాయంత్రం గుగ్గిళ్లు మాత్రమే.

"ఎలాగూ చెడింది" అనుకోవడం ఇంకా ప్రమాదం. పెళ్లిలో ఒక బొబ్బట్టు తిన్నారు, దాని నష్టం ఆ బొబ్బట్టు వరకే. "ఈరోజు ఎలాగూ పోయింది, రేపటి నుంచి చూద్దాం" అన్న మాట నోట్లోంచి వచ్చాక తినేది దానికి మూడింతలు. తప్పిన పూట తర్వాతి పూటే మామూలు క్యారేజీకి వచ్చేయండి. ఉపవాసం ఉండి సరిచేయాలని చూస్తే మళ్లీ రాత్రి తొమ్మిదిన్నర సమస్యే.

మంచివన్న పేరుతో వచ్చేవి. నిమ్మరసంలో తేనె, చెరుకురసం, జీడిపప్పు. గుప్పెళ్లతో తింటే జీడిపప్పు 60 గ్రాములు తెలియకుండానే అయిపోతుంది, అది 350 కేలరీల దాకా. మే నెలలో మన దగ్గర దాహం కూడా ఆకలిలా అనిపిస్తుంది, చల్లటి తీపి పానీయాల మీదికి మనసు పోతుంది. కొట్టులో కూజా నీళ్లు, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ చేతికందేలా ఉండాలి.

ప్యాకెట్ తిండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టారు. చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లోనూ సమానంగా వడ్డించి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి ఉన్నప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు, సుమారు కిలో పెరిగారు. ఆ మనుషులే, ఆ సంకల్పబలమే. 2019లో వచ్చిన ఈ ఫలితం నేను ప్రతి పేషెంటుకీ చెబుతాను.

రోజూ బరువు చూసి కుంగిపోవడం. ఆవకాయ అన్నం తిన్న మర్నాడు కిలో పెరిగితే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. వారానికి ఒకరోజు, పొద్దున్నే, ఒకే మిషన్ మీద చూడండి. నడుము కొలత నెలకోసారి. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. మీ బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) సుమారు 36, భారతీయులకి 25 దాటితేనే ఊబకాయం అంటాం. వారానికి అర కిలో తగ్గితే బ్రహ్మాండం.

ఇక ఇంట్లో వడ్డించే చేతులు. "పగలంతా నిలబడి కష్టపడ్డావు, ఇంకో గరిటె వెయ్యనీ నాన్నా" అనే అమ్మకి కాదని చెప్పడం ఎంత కష్టమో తెలుసు. అమ్మతో తినే వేళ కాకుండా మధ్యాహ్నం తీరికగా ఉన్నప్పుడు మాట్లాడండి. "అన్నం వద్దు" అనడం కన్నా "అమ్మా, రాత్రికి నాకు రొట్టె, గుడ్ల కూర క్యారేజీ కట్టి పంపు" అని ఒక పని అప్పజెప్పండి. పెట్టే ప్రేమకి ఒక దారి ఉంటుంది, కొసరడం తగ్గుతుంది.

నిద్ర గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు, కానీ అడగాల్సిందే. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది, తీపి, ఉప్పటి చిరుతిళ్ల మీద మోజు పెరిగింది. కేవలం రెండు రాత్రులకే. రాత్రి ఒంటిగంటకి పడుకుని ఆరింటికి లేస్తుంటే పై ప్రణాళికంతా సగమే పనిచేస్తుంది. గురక పెడుతుంటే, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు గమనిస్తే, పగలు కౌంటర్ దగ్గర కునుకు పడుతుంటే స్లీప్ ఏప్నియా పరీక్ష చేయించాలి. మద్యం తాగే అలవాటుంటే ఆ రాత్రి బ్రేకు వదులైపోతుందని ముందే లెక్క వేసుకోండి.

డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లాల్సిన సందర్భాలు. తక్కువ సమయంలో మామూలు మనిషి తినలేనంత తినేయడం, ఆపలేకపోతున్నానన్న భావన, తర్వాత సిగ్గు, బాధ. ఇది వారానికి ఒకసారైనా మూడు నెలలు సాగితే బింజ్ ఈటింగ్ అనే జబ్బు కిందికి వస్తుంది. దానికి మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడంలో తలవంపులు ఏమీ లేవు. స్టెరాయిడ్లు, ఓలాంజపైన్, వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడుతుంటే అవి ఆకలినీ బరువునీ పెంచుతాయి, సొంతంగా ఆపకండి, మార్చగలరేమో రాసినవాళ్లని అడగండి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటూ టిఫిన్ మానేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి వస్తాయి. ఆ ఆకలిని నిగ్రహంతో ఆపుకోకూడదు, వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, తర్వాత మందు మోతాదు సరిచేయించుకోవాలి. థైరాయిడ్ తక్కువైతే బరువు కొద్దిగానే పెరుగుతుంది, 104 కిలోలకి దాన్నొక్కదాన్నే కారణం చేయలేం. అయినా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి. ఇవి పేగు హార్మోన్లను అనుకరించి హైపోథాలమస్ వైపు, కోరిక వైపు రెండు చోట్లా పనిచేస్తాయి. వాడేవాళ్లు "బుర్రలో తిండి గోల ఆగిపోయింది" అని చెబుతారు. నిగ్రహం పెరిగి కాదు, లాగేది తగ్గి. 2021లో ప్రచురించిన పెద్ద పరీక్షలో సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఆపేశాక ఏడాదిలో తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది, కాబట్టి బీపీ మందులా ఎక్కువ కాలం వాడాల్సినదిగానే చూడాలి. వికారం, మలబద్ధకం, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. గతంలో పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భం దాల్చాలనుకునేవాళ్లు వాడకూడదు. మెడికల్ షాపులో అడిగి కొనేసే మందు కాదు. మీ బీఎంఐకి ఇవి గానీ, బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గించే ఆపరేషన్) గానీ చర్చించడం సబబే. సర్జరీలో కూడా పొట్ట చిన్నదవడంతో పాటు గ్రెలిన్, జీఎల్‌పీ-1 మారడం వల్లే ఆకలి తగ్గుతుంది. అయితే ఏది చేసినా ప్రొటీన్ తగినంత తినకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, పైన చెప్పిన క్యారేజీ అప్పుడూ కావాల్సిందే.

ముందుగా చేయాల్సింది ఒక చిన్న నోటు పుస్తకం కౌంటర్‌లో పెట్టుకోవడం. పద్నాలుగు రోజులు, రోజుకి మూడు గీతలు: సాయంత్రం ఐదున్నరకి ఏం తిన్నారు, తొమ్మిదిన్నరకి ఆకలి పదికి ఎంత, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. తిన్న కేలరీలు రాయొద్దు. ఈలోగా పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు, కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి, గురక సంగతి మీ ఆవిడని అడగండి. ఆ పద్నాలుగు రోజుల లెక్కా, రిపోర్టు అంకెలూ, ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లూ ఇక్కడే రాస్తే క్యారేజీ కొలతలు ఎక్కడ మార్చాలో చెబుతాను.